కొవ్వు మెదడునకు వ్రాయు జాబు

గత విద్యాసంవత్సరమున మన పాఠశాలలో ఉపాధ్యాయులకు వైద్యపరీక్ష జరిగినది. వరండాలో బల్ల వేసి, మమ్ము నందఱిని వరుసగా కూర్చుండబెట్టి, నర్సమ్మగారు చేతికి పట్టా చుట్టి రక్తపు పోటు చూచుచుండిరి. నా వంతు వచ్చినప్పుడు ఆమె రెండుమాఱులు కొలిచి, చాలక మూడవమాఱును కొలిచి, 164 పైన 102 అని చీటిమీద వ్రాసి, నా నడుమువైపు ఒకసారి చూచిరి. కిటికీ కడ్డీల వెనుక తొమ్మిదవ తరగతి బాలురు గుమిగూడి యుండిరి. వారిలో నెవ్వడో నవ్వెను. వానిపై నాకు కోపము రాలేదు. నలుబదియేడు సంవత్సరముల వయస్సున, తొంబది కిలోల బరువుతో, చొక్కాచేయి మడిచికొని కూర్చున్న అయ్యవారు బాలురకు వినోదమే గదా.

మఱునాడు విజ్ఞానశాస్త్రపు గంటలో, పులివెందుల దిక్కునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బాలు డొకడు లేచి, "అయ్యవారూ, కొవ్వునకును రక్తపు పోటునకును ఏమి సంబంధము?" అని యడిగెను. నేను వెంటనే నల్లబల్లమీద ఒక లావుపాటి మనుష్యుని బొమ్మ గీసి, "దేహము పెద్దదైన కొలది గుండె ఎక్కువ బలముతో రక్తమును నెట్టవలసి వచ్చును. బరువు బండికి ఎద్దులు మెడలు వంచి లాగవలసినట్లే" అని చెప్పితిని. బాలుడు కూర్చుండలేదు. "మా యమ్మకు పోటున్నది. ఆమె మా యింట అందఱికంటె తక్కువ తినును. అయినను లావే. ఇరుగుపొరుగువారు తిండిపోతు అందురు. అది నిజమేనా, అయ్యవారూ?" అనెను. నేను తడుముకొని యేదో పలికి, గంట కొట్టువఱకు ప్రొద్దు పుచ్చితిని.

అటుపిమ్మట పుస్తకములు తిరుగవేయగా, బండి యెద్దుల యుపమానము సగము తప్పని తెలిసినది. ఆ సమాధానమును దిద్దుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట పోటు సంగతి. రక్తము ధమనుల గోడలపై చూపు ఒత్తిడినే రక్తపు పోటందుము. గుండె ముడుచుకొన్నప్పుడు అది హెచ్చును, సడలినప్పుడు తగ్గును; కావుననే చీటిమీద రెండు సంఖ్యలు వ్రాయుదురు. స్టీఫెన్ హేల్సు అను ఆంగ్లేయ మతాచార్యుడు ఒక ఆడుగుఱ్ఱపు ధమనిలో నాళము గ్రుచ్చి, దానికి నిలువుగా గాజుగొట్టమును తగిలించి, రక్తము ఎనిమిదడుగులకు పైగా లేచుట చూచి, 1733లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. మనుష్యులకు అట్టి బాధ లేకుండ చేతిపట్టాతో కొలుచు పద్ధతిని 1896లో రీవా రోచ్చి అను ఇటలీ దేశపు వైద్యుడు కనుగొనెను. పట్టా క్రింద చెవిగొట్టము నుంచి శబ్దములు విను విధమును 1905లో కొరోట్కోవ్ అను రష్యా వైద్యుడు నేర్పెను. మనము చెప్పు సంఖ్యలు పాదరసపు మిల్లీమీటర్లు. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లకు పైగా బరువు గనుక, ఆరోగ్యవంతుని 120 మిల్లీమీటర్లు నీటితో లెక్కించిన 163 సెంటీమీటర్ల కంబ మగును. అనగా గుండె ప్రతి కొట్టునకును మనిషి యెత్తు నీటిని నిలువబెట్టుచున్నది. నా 164 మిల్లీమీటర్లు 223 సెంటీమీటర్లు: మన తరగతిగది తలుపుకంటె ఎత్తు. పై సంఖ్య 140 గాని, క్రింది సంఖ్య 90 గాని ముట్టిన, వైద్యులు దానిని అధిక రక్తపు పోటుగా నెంచుదురు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 ఏండ్లు నిండిన స్త్రీలలో నూటికి 21 మందికిని, పురుషులలో 24 మందికిని ఈ పోటు ఉన్నట్లు తేలినది.

ఇక కొవ్వు సంగతి. మా తండ్రిగారు ప్రొద్దుటూరిలో ఒక బట్టల గిడ్డంగికి గుమాస్తాగా నుండిరి. ప్రతి సాయంకాలము నిలువయున్న తానులను లెక్కించి, యజమానికి జాబు వ్రాయుట వారి పని. నిలువ తగ్గినదని జాబు పోయిన, యజమాని సరుకు తెప్పించును. నిండుగా నున్నదని పోయిన, కొనుగోలు నిలిపివేయును. చాలకాలము శాస్త్రజ్ఞులు కొవ్వును నోరులేని గిడ్డంగిగానే తలచిరి. ఒక గ్రాము కొవ్వు 9 కెలొరీల శక్తినిచ్చును. పిండిపదార్థము 4 మాత్రమే యిచ్చును. దేహమునందు కొవ్వుకణజాలము పండ్రెండు కిలోలున్న మనుష్యుడు, లెక్కప్రకారము, నలుబది దినములకు చాలు తిండిని ఒడలిలోనే మోయుచున్నాడన్నమాట. ఇంతటి గిడ్డంగికి గుమాస్తా యొకడుండునని గాని, వాడు మెదడునకు దినదినము జాబు వ్రాయునని గాని నిరూపించుటకు 1994వఱకు పట్టినది.

ఆ కథ చిట్టెలుకలతో మొదలైనది. 1949లో అమెరికాలోని బార్ హార్బరను ఊర, జాక్సన్ ప్రయోగశాలలో, ఎడతెగక తినుచు బంతివలె లావెక్కు చిట్టెలుకలు పుట్టెను. 1966లో అట్టి మఱియొక జాతి అచటనే బయలుపడెను. పైకి చూచుటకు రెండును ఒకే తీరు. డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు రెండేసి చిట్టెలుకల చర్మములను ప్రక్కప్రక్కను కుట్టి, ఒకదాని రక్తము కొంత రెండవదానిలో ప్రవహించునట్లు చేసెను. రెండవజాతి లావు చిట్టెలుకను మామూలు చిట్టెలుకతో జతచేయగా, మామూలుది తిండి మాని, కృశించి, ప్రక్కనే ఆహారముండగా చచ్చెను. మొదటిజాతి లావు చిట్టెలుకను దానితో జతచేసిన, మొదటిజాతిదియు తిండి మాని చిక్కెను. రెండవజాతిది మాత్రము చలింపక తినుచునే యుండెను. విద్యార్థులారా, ఇచట పుస్తకము మూసి ఒక నిమిషము ఆలోచింపుడు: దీనినిబట్టి యేమి తెలియవలెను?

రెండవజాతి చిట్టెలుక రక్తమున "చాలును" అను వార్తను మోయు పదార్థమేదో మిక్కుటముగా నున్నది; దానిని వినుటకు చెవి మాత్రము లేదు. మొదటిజాతి చిట్టెలుకకు చెవి యున్నది, వార్తయే లేదు. కోల్మన్ ఆ పదార్థమును కంట చూడకయే ఇంతవఱకు నిర్ణయించెను. నా యభిప్రాయమున, పాఠశాలలో నేర్పదగిన ప్రయోగములలో ఇంత చక్కనిది మఱియొకటి అరుదు; ఆ మూగజీవముల బాధ తలచుకొన్నప్పుడు మాత్రము మనస్సు నొచ్చును. 1994 డిసెంబరులో న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయపు జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు ఆ వార్తను వ్రాయు జన్యువును పట్టుకొనిరి. కొవ్వుకణములు తయారుచేసి రక్తములోనికి విడుచు ఆ మాంసకృత్తునకు 146 అమైనో ఆమ్లములు గలవు. సన్ననిది అను అర్థము గల గ్రీకు పదమునుండి దానికి లెప్టిన్ అని పేరు పెట్టిరి. దానిని వినుచెవి, అనగా గ్రాహకము, 1995లో దొరకినది.

ఈ విద్యలో మన తెలుగునేలకును పాలున్నది. 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయని పిలువబడుచున్నది. ఆ సంస్థ జంతుశాలలో తరతరములుగా పెంచబడుచున్న ఎలుకల మందలో తమంతట తామే లావెక్కు ఎలుకలు పుట్టగా, గిరిధరన్ మొదలగువారు వానిని వేఱుపఱచి, 1996లో లోకమునకు తెలియజేసిరి. ఆ ఎలుకల రక్తమున లెప్టిన్ మిక్కుటముగా నున్నది. అయినను అవి తినుట మానవు. సంతానము కలుగదు, ఆయువు చాల తగ్గును. ఊబకాయమును పరిశోధించువారికి అవి నేటికిని పనికివచ్చుచున్నవి. లావునకు కారణము ఎల్లప్పుడును జాబు లేకపోవుట కాదనియు, జాబులు కుప్పలుగా వచ్చుచున్నను చదువు దిక్కు లేకపోవుటయు కావచ్చుననియు ఆ హైదరాబాదు ఎలుకలు కన్నులకు కట్టినట్లు చూపుచున్నవి.

మనుష్యులలో జాబే వ్రాయబడని సంగతి అత్యంత విరళము. 1997లో ఇంగ్లండున, పాకిస్థాను మూలము గల కుటుంబములలో అట్టి బిడ్డ లిద్దరు వైద్యులకు కనబడిరి. ఎనిమిదేండ్ల బాలిక 86 కిలోలు, రెండేండ్ల బాలుడు 29 కిలోలు తూగిరి. అట్టి బిడ్డలకు దినమున కొక సూది చొప్పున లెప్టిన్ ఇయ్యగా ఆకలి శాంతించి బరువు తగ్గజొచ్చెను. ఇది విని లోకమంతయు లావునకు మందు దొరకినదని సంతసించినది. ఆ సంతోషము నిలువలేదు. సాధారణముగా లావైనవారి రక్తమున లెప్టిన్ కొఱతలేదు సరికదా, కొవ్వెంత యున్నదో అంతకు తగినట్లు హెచ్చుగానే యున్నదని 1996లోనే తేలియుండెను. 1999లో అట్టివారికి పైపెచ్చు లెప్టిన్ ఇచ్చి చూచినప్పుడు చాలమందికి ఫలము స్వల్పమే కలిగినది.

ఇంతవఱకు ఆకలి మాటయే చెప్పితిని. బాలు డడిగినది పోటు సంగతి గదా. ఇప్పుడు అచటికి వత్తము.

మెదడు అడుగుభాగమున బాదముగింజంత ప్రమాణము గల హైపోథాలమస్ అను భాగము కలదు. ఆకలి, దప్పి, ఒంటివేడి, నిద్ర, నాడుల బిగువు మొదలగు నిత్యవ్యవహారముల నన్నిటిని అది నడపును. లెప్టిన్ రక్తమువెంట పోయి అచటి నాడీకణములను తాకును. యజమాని కచేరిలో ఇద్దరు లేఖకులున్నారనుకొనుడు. గిడ్డంగి నుండి వచ్చిన జాబు నకలు ఇద్దరికిని అందును. మొదటివాడు తిండి వ్యవహారము చూచును: నిలువ నిండుగా నున్నదని చదివి ఆకలిని అణచును. రెండవవాడు సహానుభూత నాడీమండలమును చూచును. ఈ నాడులు మన యిచ్ఛకు లోబడవు. కుక్క వెంబడించినప్పుడు గుండె దడదడ కొట్టుకొనుట, వెండ్రుకలు నిక్కబొడుచుట వీని పనియే. నిలువ నిండినదన్న జాబు చూచి రెండవ లేఖకుడు ఈ నాడులను కొంచెము బిగించును. నిలువలు నిండినవి గావున ఇక శక్తిని ఖర్చు పెట్టవచ్చునని దాని భావము కాబోలు.

నాడులు బిగిసిన నేమగును? గుండె వేగము హెచ్చును. చిన్న ధమనులు ముడుచుకొని దారి ఇఱుకగును. అంతకంటె ముఖ్యమైన పని మూత్రపిండములలో జరుగును. మన దేహమున రక్తము సుమారు అయిదు లీటర్లే. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, దాదాపు అంతయు మఱల రక్తమునకే చేర్చి, లీటరో రెండు లీటర్లో బయటికి విడుచును. కర్నూలు–కడప కాలువమీద లస్కరు తూములను ఎత్తి దించుటను మీరు చూచియుందురు. తూము ఒక్క బెత్తెడు దించిన చాలును, పైన నీరు గట్టువఱకు నిలుచును. నాడులు బిగిసినప్పుడు మూత్రపిండము రెనిన్ అను పదార్థమును విడుచును. దానివలన క్రమముగా ఉప్పును, ఉప్పువెంట నీటిని దేహము పట్టి యుంచును. బయటికి పోవలసిన నీరు కొంచెముగా నిలిచిపోవుచుండ, కాలువ నిండును, గట్టుమీద ఒత్తిడి పెరుగును. పోటనగా నిదియే.

ఇదంతయు ఊహ గాదు. 1997లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు ఎలుకల రక్తమునకు లెప్టిన్ ఎక్కించి, మూత్రపిండమునకు, వెనుకకాళ్లకు పోవు సహానుభూత నాడుల చప్పుడు హెచ్చుటను కొలిచిరి. మఱుసటి సంవత్సరము మిసిసిపీ విశ్వవిద్యాలయమున జాన్ హాల్ మొదలగువారు కొన్ని దినములు ఎడతెగక లెప్టిన్ ఎక్కింపగా, ఎలుకలు తిండి తగ్గించినవి. అయినను పోటు హెచ్చినది, గుండెవేగము హెచ్చినది. ఆ నాడుల పని అడ్డు మందు లిచ్చినప్పుడు ఆ హెచ్చు కానరాలేదు.

నా బండియెద్దుల ఉపమానమును పడగొట్టిన సాక్ష్యము దీని వెనుక నున్నది. లావే పోటునకు కారణమైనచో, జాబు వ్రాయలేని ఆ బార్ హార్బరు చిట్టెలుకలకు పోటు మిన్నంటవలెను. 1999లో కొలిచి చూడగా, వానికి పోటు హెచ్చు కాదు సరికదా, సన్నని చిట్టెలుకలకంటె తక్కువగా నుండెను! ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును ఇతరులును 2014లో ప్రకటించిన పరిశోధనలో, కొవ్వుతిండి తిని లావై పోటు తెచ్చుకొన్న చిట్టెలుకలలో లెప్టిన్ పనిని అడ్డగింపగా, లావు అట్లే యుండగనే పోటు దిగెను. హైపోథాలమస్ నడుమ వెనుకభాగమున గల ఒక చిన్న కేంద్రము ఈ వ్యవహారమును నడపునని వారు చూపిరి. పుట్టుకతో లెప్టిన్ గాని, దాని గ్రాహకము గాని లేని మనుష్యులను వెదకి చూడగా, వారు మిక్కిలి లావుగా నుండియు వారి పోటు తక్కువగానే యున్నది. 2009లో ఇంగ్లండువారు, లెప్టిన్ వార్తను మెదడులో ముందుకు చేరవేయు మఱియొక గ్రాహకము చెడిన లావు మనుష్యులలోను ఇదే చూచిరి. కాబట్టి లావు బండిలోని బరువువంటిది మాత్రమే కాదు. జాబు అందిననే పోటు ఇంత హెచ్చుచున్నది.

మఱి లావైనవానికి లెప్టిన్ అంత హెచ్చుగా నున్నచో ఆకలి ఏల తగ్గదు? సమాధానము చదివి నేను కొంతసేపు ఊరకుంటిని. కచేరిలో మొదటి లేఖకుడు జాబులు కుప్పలుగా వచ్చుటచే విసిగి, విప్పకయే మూలకు వేయుచున్నాడు. రెండవవాడు మాత్రము ప్రతి జాబును శ్రద్ధతో చదివి, నాడులను మఱింత బిగించుచున్నాడు. ఆకలి విషయమున మెదడు చెవిటిదై, పోటు విషయమున మేల్కొనియే యున్నదన్నమాట. జంతువులలో ఈ సంగతిని పలుమాఱులు చూచిరి. మనుష్యులందును ఇట్లే యని నమ్ముటకు బలమైన హేతువులు కలవు. లావైన మనుష్యుడు ఒకే పదార్థమువలన రెండు విధముల నష్టపోవుచున్నాడు: వచ్చిన మేలు ఆగిపోయినది, కీడు మాత్రము ఆగలేదు.

ప్రకృతి ఇంత వికటముగా ఎందుకు ఏర్పఱచినదని మీ రడుగవచ్చును. లెప్టిన్ ముఖ్యముగా నిండుదనమును చాటుటకు పుట్టినది కాదు. కఱవును చాటుటకు పుట్టినది. 1996లో జరిగిన ప్రయోగములలో, తిండి లేని చిట్టెలుకలకు లెప్టిన్ పడిపోవుటయే దేహమునకు ఆపద సూచనయని తేలినది. అది పడిపోగానే ఆకలి హెచ్చును, నాడులు సడలును, ఒంటివేడిమి ఖర్చు తగ్గును, సంతానశక్తి ఆగును. మన సీమవారు 1876–78 నాటి ధాత కఱవును నేటికిని తలచుకొందురు. అట్టి కాలమున బ్రదికి బయటపడుటకు ఈ యేర్పాటు ఎంత అవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. జాబు రానిచో మెదడు ఉలికిపడును. జాబులు ఎక్కువైనచో అంతగా పట్టించుకొనదు. అట్లని, మన తాతలు కఱవున కోర్చిరి కావున మనకు పోటు వచ్చుచున్నదనుట తొందరపాటు. కఱవెఱుగని దేశములలోను పోటు తక్కువేమియు కాదు.

ఇప్పుడు ఆ బాలుని తల్లి సంగతి. ఆమె తక్కువ తినుననుట అబద్ధము కానక్కఱలేదు. లావైనవారు తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు లెప్టిన్ బరువుకంటె త్వరగా పడిపోవును; బరువు పదియవవంతు తగ్గిన, లెప్టిన్ సగమునకు పైగా తగ్గినట్లు లెక్కలున్నవి. మెదడు దానిని కఱవుగా నెంచి, ఆకలిని పెంచి, ఖర్చును తగ్గించును. పూట మానినను ఒళ్లు తఱుగకపోవుటలో దీని పాలెంతయో కలదు. మఱియు, సమానమైన కొవ్వు గల స్త్రీపురుషులలో స్త్రీకే లెప్టిన్ హెచ్చు. తిండిపోతు అను నింద వేయువారు ఈ లెక్కలేవియు చూడరు. అయితే న్యాయము రెండువైపులను చెప్పవలెను. మన పులివెందుల దిక్కున వేరుసెనగ ఒలుచుచు కబుర్లాడుచు నోట వేసికొను గింజలను ఎవ్వరును తిండిలో లెక్కింపరు. నూఱుగ్రాముల గింజలలో 560 కెలొరీలకు పైగా శక్తి కలదు, అనగా ఒక పూట భోజనమంత. సంగటిలోనికి ఊరగాయ ముక్కతోడి ఉప్పును ఎవ్వరును కొలువరు. దినమునకు 5 గ్రాములకు తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక చిన్నచెంచా మాత్రమే. మూత్రపిండము ఉప్పును పట్టి యుంచు స్థితిలో నున్నప్పుడు, పైనుండి ఉప్పు పోయుట దించిన తూమునకు వరదను తోలుటయే.

లెప్టిన్ ఒక్కటే పోటునకు కారణమని చెప్పుట లేదు. వయస్సు, వంశము, ఉప్పు, పొగ, మద్యము, నిద్రలో గుఱకపెట్టి ఊపిరి ఆగుట, మూత్రపిండములచుట్టు కొవ్వు చేరి ఒత్తుట మొదలగునవి యన్నియు కలవు. నా ఉపమానమున నిజమైన సగమును ఇచటనే యున్నది: పెద్ద దేహమునకు ఎక్కువ రక్తము కావలెను, గుండె ఎక్కువ పనిచేయవలెను. సన్ననివారికిని పోటు వచ్చును. మా తండ్రిగారు బక్కపలుచని మనిషి. అయిదుపదుల యెనిమిదవ ఏట ఒక సాయంకాలము జాబు వ్రాయుచుండగా కలము చేజారినది. కుడిచేయి, మాట రెండును పోయినవి. అంతకు ముందు వారి పోటును ఒక్కసారియైనను ఎవ్వరును కొలిచి యుండలేదు.

ఆ సంగతి యెఱిగియు నేను చేసిన పని చెప్పెదను. వైద్యుడు మాత్ర లిచ్చెను. నెలదినములు వాడి, తలనొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, ఇక నేలయని మానితిని. పోటునకు నొప్పి లేదను మాటను తరగతిలో చెప్పుచునే మానితిని! రెండు నెలలకు నర్సమ్మగారు కొలువగా 170 చూపినది. నాటినుండి మాత్ర మానలేదు. సాయంకాలము పెన్నయొడ్డున నడచుచున్నాను. ఆఱు కిలోలు తగ్గితిని. కిలో బరువు తగ్గిన పోటు ఒక మిల్లీమీటరు తగ్గునని సరాసరి లెక్క. మొన్న కొలిచినప్పుడు 136 పైన 86.

ఇంట కొలుచుకొనువారికి నాలుగు మాటలు. కాఫీ త్రాగిన వెంటనే గాని, మెట్లెక్కి వచ్చిన వెంటనే గాని కొలువరాదు. అయిదు నిమిషములు వీపు ఆనించి, పాదములు నేల నానించి, మాటలాడక కూర్చుండవలెను. చేయి గుండెయెత్తున బల్లపై నుండవలెను. పట్టా చొక్కామీద చుట్టరాదు. లావుచేతికి చిన్నపట్టా చుట్టిన లేని పోటు కనబడును. ఒకమాఱు చూచి భయపడక, వేఱువేఱు దినములలో కొలిచి, వైద్యునికి చూపవలెను.

ఈ వ్యాసమును అచ్చునకు ఇచ్చుటకు ముందు ఆ బాలుని పిలిచి చదివి వినిపించితిని. వాడిప్పుడు పదవ తరగతి. సెలవులకు ఊరికి పోయినప్పుడు తల్లికి ఈ కాగితములు చదివి చెప్పెదననెను. ఆమె మాత్ర విడువక వేసికొనుచున్నదట. పిమ్మట తల గోకికొని, "అయ్యవారూ, లేఖకు లిద్దరును ఒకే కచేరిలోని వారు గదా. ఒకడు విసిగినప్పుడు రెండవవాడు మాత్రము ఏల విసుగలేదు?" అని యడిగెను. ఈమాఱు నేను నల్లబల్ల దిక్కు పోలేదు. 2004లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమును చూపితిని: కొవ్వుతిండి పెట్టిన చిట్టెలుకలలో, ఆకలిని చూచు వంపు కేంద్రపు కణములే ముందుగా మొద్దుబారినవి, చుట్టునున్న ఇతర కేంద్రములు లెప్టిన్‌కు బదులు పలుకుచునే యున్నవి. ఆ వంపు కేంద్రము రక్తమునకు మిక్కిలి చేరువనుండి జాబులను అందఱికంటె ముందుగా, అందఱికంటె ఎక్కువగా అందుకొనును. వాడది తన పుస్తకమున వ్రాసికొని, చేరువ నున్నవాడు విసుగుటయు దూరమున నున్నవాడు విసుగకుండుటయు నిజముగా ఆ దూరమువలననేనా యని నన్ను మఱల నడిగి, ప్రక్కన పెద్దదిగా ఒక ప్రశ్నగుఱుతు పెట్టుకొని, గంట కొట్టగనే ఆటకు పరుగెత్తెను.